సోఫా వాసనకు లాగ్‌బుక్

వాసన ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోవడానికి మొదట నేను ముక్కును నమ్మాను. పది నిమిషాలు సోఫా మీద వంగి పీల్చాక ముక్కు ఏమీ చెప్పలేదు. వాకిట్లోకి వెళ్లి, రెండు నిమిషాలు నిలబడి, మళ్లీ వచ్చాను. అప్పుడు సోఫా అంతా ఒకే వాసన.

శ్రీరాంపూర్‌లో మాది రెండు గదుల ఇల్లు. ముందుగదిలో టేకు సోఫా. దాని మెత్తల్లో ఫోమ్ లేదు, బోథ్‌లో మేనమామ చేను పత్తి ఉంది. అవ్వ, అంటే మా అమ్మ, దగ్గరుండి ఏకించి, దగ్గరుండి కుట్టించుకుంది. ఆ సోఫాను తీసేద్దామనే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. పిల్లిని తీసేద్దామనడానికి మాత్రం అవ్వకు ధైర్యం అక్కర్లేదు.

పిల్లి బాపుది, అంటే మా నాన్నది. బాపు గనిలో పంపు ఆపరేటర్‌గా చేసి నిరుడు రిటైర్ అయ్యాడు. చివరి నెలలో పంపుహౌస్ దగ్గర దొరికిన ఈ మగ పిల్లికూనను టిఫిన్ సంచిలో పెట్టుకుని వచ్చాడు. ఏడాదిపాటు అది ఇసుక డబ్బాలోనే ఉచ్చ పోసింది. ఉన్నట్టుండి సోఫా మొదలుపెట్టింది.

ఆ వారం శుక్రవారం ఇంటి ప్రార్థన మా వంతు. మా మెథడిస్టు సంఘంలో వారానికొక ఇంట్లో కూడుకుంటారు. ఎవరింట్లోనైనా పాస్టరయ్యగారికి సోఫానే. ఆదివారం గుడి నుంచి వచ్చీ రాగానే అవ్వ తేల్చి చెప్పింది.

“గీ వాసనల అయ్యగారిని యాడ కూసోవెట్టాలె? శుక్రారం దాంక గీ వాసన పోతే పిల్లి ఉంటది. పోకపోతే మీ మామ జీపుల సంచి తెస్తుండు. జైనూర్ దిక్కు అడవిల ఇడిచిపెడ్తడు.”

బాపు పిల్లిని ఒళ్లోకి తీసుకుని నా వైపు చూశాడు. ఇంట్లో డిప్లొమా చదివినవాణ్ని నేనే.

ఓపెన్‌కాస్ట్ గనిలో ఒక కాంట్రాక్టరు దగ్గర బండ్ల మెయింటెనెన్స్ రికార్డులు చూడడం నా పని. ఏ పని చేతికొచ్చినా ముందు గళ్లు గీస్తాను. పొడుగు నోటుబుక్కులో ఆరు గళ్లు గీశాను: తేదీ, సమయం, చోటు, తడి ఎంత, ఏం పూశాం, వాసనకు ఐదుకు ఎన్ని మార్కులు.

మొదటి వరుస నింపుతుండగానే తెలిసింది, అవ్వ అప్పటికే వేడినీళ్లు, ఫినాయిల్ వేసి తోమింది. వేడికి మరక గుడ్డలో ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఫినాయిల్ వాసనకు పిల్లి మళ్లీ అక్కడికే వచ్చింది. రెండూ రాసుకున్నాను. సోమవారం సగం వెనిగర్, సగం నీళ్లు, ఆరాక వంటసోడా. వాసన నాలుగు నుంచి మూడుకు దిగి, సాయంత్రం ముసురు పట్టగానే మళ్లీ నాలుగు. ఉచ్చలోని ఒక ఉప్పు నీళ్లకు కరగదు, ఎండితే పడుకుంటుంది, గాలిలో తేమ తగిలితే లేస్తుంది. ఇది చదివి తెలుసుకున్నాక ఆకాశం చూసినా నాకు చిరాకే.

మంగళవారం కిరాణా షాపులో దొంగ నోట్లు చూసే నీలి లైటు అడిగి తెచ్చాను. కిటికీలకు దుప్పట్లు కట్టి, తలుపులు మూసి లైటు వేస్తే మరకలు పచ్చగా వెలిగాయి. ఏడు. సుద్దముక్కతో చుట్టూ గీతలు గీశాను. అవ్వ తలుపు తీసి చూసి, సోఫా మీద ఏమన్నా ఖూనీ అయిందా అని అడిగింది.

అదే రోజు ఒక తెలివితక్కువ పని చేశాను. బొగ్గు వాసనను పీల్చుకుంటుందని ఎక్కడో చదివాను. బొగ్గుకు మాకేం కొదవ? పక్కింటి నుంచి గని బొగ్గు పెళ్లలు తెచ్చి సోఫా కింద పేర్చాను. వాసన పీల్చేది వేరే బొగ్గు, దాన్ని ప్రత్యేకంగా కాల్చి తయారుచేస్తారు. మాది మసి మాత్రం ఇచ్చింది. పిల్లి దాంట్లో దొర్లి గోడ పొడుగునా నడిచింది. అవ్వ గోడనూ నన్నూ మార్చి మార్చి చూసింది.

బుధవారం మంచిర్యాల నుంచి ఎంజైమ్ ద్రావణం తెచ్చాను. ఆ ఉప్పును విరగ్గొట్టేది అదొక్కటే. కానీ ఫినాయిల్ మిగిలి ఉంటే పనిచేయదు. అందుకని ముందు చల్లనీళ్లతో రెండుసార్లు పిండి, తర్వాత మెత్త గుడ్డ బాగా నానేదాకా పోసి, పైన ప్లాస్టిక్ కప్పి, ఒక పూటంతా తడిగా ఉంచాలి. ఉంచాను. ఈలోగా పిల్లి కొత్త చోట్లు వెతుక్కుంది: గుమ్మం పట్టా, స్నానాలగది మూల, నా చెప్పు. ప్రతిదీ రాశాను. ‘తడి ఎంత’ అనే గడిలో ఆదివారం ‘అరచేయంత’ అని ఉంది. మంగళవారం ‘రూపాయి బిళ్లంత’. గురువారం ‘చుక్క’.

నాకు సంతోషమైంది. పద్ధతి పనిచేస్తోందనుకున్నాను. పుస్తకం అవ్వకు చూపించి, తగ్గుతోందని చెప్పాను. వాసన తగ్గాలె గానీ రాత తగ్గితే ఏం ఫాయిదా అంది అవ్వ.

శుక్రవారం పొద్దున వాసన రెండు. సాయంత్రానికి ఒకటి చేయాలి. నేను టేబుల్ ఫ్యాను అటూ ఇటూ జరుపుతూ, కూర్చోలేక, నిలబడలేక తిరుగుతున్నాను. బాపు కళ్లద్దాలు పెట్టుకుని నోటుబుక్కు తీశాడు. ముప్పై ఏళ్లు పంపు లాగ్‌బుక్ రాసిన మనిషి. అక్షరాలు చదవలేదు, ఒక గడి మీద వేలు పెట్టి పైనుంచి కిందికి దింపాడు. మళ్లీ ఇంకో గడి.

“ఆదివారం మూడుసార్లు. నిన్న పదకొండు సార్లు,” అన్నాడు. “నీళ్లేమో చుక్క. పంపు ఊకె స్టార్టయితున్నది, నీళ్లు పడ్తలేవు. నువ్వేమనుకున్నవ్ బిడ్డా, గని ఎండిపోయిందనా?”

నేను ఫ్యాను వదిలేసి పుస్తకం మీదికి వంగాను.

“పైపు జామైంది. పిల్లి యాడున్నది?”

మంచం కింద ఉంది. వెనక కాళ్లు వంచి, పోసేటట్టు కూర్చుని ఉంది, ఏమీ రావడం లేదు. సన్నగా మూలుగుతోంది. ఆ మూలుగు నేను రెండు రోజులుగా వింటున్నాను. దానికి నా పుస్తకంలో గడి లేదు.

ఇక్కడి పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తే, ఉచ్చదారిలో వేసే అంత సన్న గొట్టం తన దగ్గర లేదని, వెంటనే కరీంనగర్ తీసుకెళ్లమని, రేపటి దాకా ఆగితే బతకదని చెప్పాడు. సరిగ్గా అప్పుడే మేనమామ జీపు వచ్చి ఆగింది. దిగి గోనెసంచి దులిపాడు. బాపు ఆ సంచి తీసుకుని మడిచి, కూరగాయల బుట్టలో పరిచి, పిల్లిని దాని మీద పడుకోబెట్టాడు.

“అడవిల ఇడిచిపెడ్దామని వస్తే దవాఖానకు నడువమంటుండ్రు,” అన్నాడు మామ. “నీ పిల్లికి నసీబున్నది బావా.”

అవ్వ గడపలో నిలబడింది. ప్రార్థనకు ఇంకా నాలుగు గంటలు కూడా లేవు. ఇంటాయన లేకుండా ఇంట్లో కూడిక మా సంఘంలో మామూలుగా జరగదు.

“అయ్యగారు అడిగితే ఏమని చెప్పాలె?”

“దవాఖానకు పోయిండని చెప్పు,” అన్నాడు బాపు జీపెక్కుతూ.

దారి రెండు గంటలు. బుట్ట బాపు ఒళ్లో ఉంది. మూలుగు వినిపిస్తే నాకు భయం, ఆగితే ఇంకా భయం. కరీంనగర్ క్లినిక్‌లో డాక్టరమ్మ సన్న గొట్టం వేసి తీసింది. ఇసుకలాంటిది పడింది, ఆ వెనక నెత్తురు కలిసిన నీళ్లు. ఆగకుండా వచ్చాయి. బాపు ఆ పళ్లెంలోకి వంగి చూసి, “డిలివరీ వచ్చింది,” అన్నాడు. పంపులోంచి నీళ్లు పడితే గనిలో అలాగే అంటారు, డాక్టరమ్మకు అర్థం కాలేదు. పిల్లిని రెండు రోజులు అక్కడే ఉంచమంది.

ఇంటికి వచ్చేసరికి కూడిక అయిపోయింది. జరిగింది అవ్వ తర్వాత చెప్పింది. బాపు దవాఖానకు పోయాడని తెలిసి అయ్యగారు వాక్యం చెప్పడం ఆపి, బాపు స్వస్థత కోసం అరగంట ప్రార్థన చేశాడట. ఇద్దరు ముసలమ్మలు ఏడ్చారట. అవ్వకు మధ్యలో నిజం చెప్పే సందు దొరకలేదు, కళ్లు మూసుకుని ఆమెన్ అందట. శనివారం పొద్దున సంఘం పెద్దలు బ్రెడ్డు, యాపిల్ పళ్లు పట్టుకుని వచ్చారు. బాపు బనియన్ మీద వాకిలి ఊడుస్తూ ఎదురయ్యాడు.

అయ్యగారిని ఎక్కడ కూర్చోబెట్టావని నేను అవ్వను అడిగితే, అందరితోపాటు జంపఖానా మీదనే అంది. సోఫాకు మెత్తలు లేవు. మేం వెళ్లాక అవ్వ కుట్లు విప్పేసి, పత్తి మొత్తం డాబా మీద ఎండకు పరిచింది. నేను ఐదు రోజులు గుడ్డ మీద కొట్లాడాను, వాసన పత్తిలో ఉంది. మరక పట్టిన పత్తి తీసేసి, మిగిలింది దూదేకులాయనతో మళ్లీ ఏకించి కుట్టించాం. టేకు చెక్కకు కూడా ఎంజైమ్ పట్టించాను. పిల్లి కోలుకుని ఇంటికొచ్చి మళ్లీ ఇసుక డబ్బా పట్టింది. ఇప్పుడు మామూలు రోజుల్లో వాసన సున్నా.

ముసురు రోజుల్లో మాత్రం చెక్క సందుల్లోంచి సన్నగా లేస్తుంది. మొన్న అలాగే లేచింది. నేను సీసా, గుడ్డ, నీలి లైటు తీసుకుని సోఫా దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. వంటింట్లోంచి అవ్వ కేకేసింది.

“ముందుగాల ఇసుక డబ్బల తడున్నదో లేదో చూసి రాపో. సోఫా యాడికి పోతది?”