కండెల మోటారుకు కరెంటు లెక్క

గద్వాలలో మా వీధి వాళ్ళు కూలరో గ్రైండరో కొనే ముందు నా దగ్గరికి వస్తారు. నెలకు రెండు వందల యూనిట్లలోపు వాడితే సర్కారు పథకం కింద బిల్లు సున్నా వస్తుంది. ఒక్క యూనిటు దాటినా మొత్తం కట్టుకోవాలి. అందుకని ఏ వస్తువు ఎంత కరెంటు తాగుతుందో ముందే తెలుసుకోవాలని అందరికీ ఉంటుంది.

నా బడి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. మిగతాదంతా గ్రంథాలయంలో నేర్చుకున్నాను. ఇంటి కరెంటు గురించి అక్కడ ఒక సన్నని పుస్తకం దొరికింది. వస్తువు మీద రాసిన వాట్లను అది నడిచే గంటలతో గుణించి వెయ్యితో భాగిస్తే యూనిట్లు వస్తాయి. ఇంతవరకు ఎవరైనా నేర్చుకోగలరు. ఫ్రిజ్ దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. అది ఇరవై నాలుగు గంటలూ ప్లగ్గులో ఉన్నా, లోపల చల్లబడగానే ఆగి, మళ్ళీ వేడెక్కాక నడుస్తుంది. ఆగిన సమయం తీసేసి లెక్క కట్టాలి. ఈ మాట చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం పెద్దదవుతుందని నాకే తెలుసు.

మా వీధిలో మగ్గం ఉన్న ఇళ్ళు చాలా ఉన్నాయి. చీర నేసేవాళ్ళకు నూలును కండెలనే చిన్న గొట్టాలకు చుట్టి ఇవ్వాలి. మా పక్కింటి పెద్దమ్మ రాట్నం తిప్పి రెండు ఇళ్ళకు కండెలు చుట్టేది. భర్త పోయాక ఆ కూలితోనే బతుకుతోంది.

ఆ రెండిళ్ళలో మొదటి ఇంటాయన పోయిన ఏడాది వచ్చి, కండెలు చుట్టే చిన్న మోటారు పెడితే కరెంటు ఎంతవుతుందని అడిగాడు. ఇంట్లోని ఫ్యాన్లూ టీవీ ఫ్రిజ్ అన్నీ కలిపి, మోటారు కూడా వేసి చూశాను. రెండు వందలకు చాలా దూరంలో ఉంది. అదే చెప్పాను. వారం తిరగకుండా ఆయన వనపర్తి వెళ్ళి మోటారు తెచ్చుకున్నాడు. అప్పటికి గానీ పెద్దమ్మ నాకు గుర్తు రాలేదు.

"నీ లెక్క మంచిగ కుదిరిందంట గద బిడ్డా," అంది పెద్దమ్మ ఆ సాయంత్రం గడప మీద కూర్చుని.

"నాకు తెల్వకపాయె పెద్దమ్మా."

"నిన్నేమంటలే. మోటారే నయం. దానికి చాయ్ గూడ పొయ్యనక్కర లేదు." తను నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ నెల నుంచి తను పొద్దున పూట పొయ్యి వెలిగించడం మానేసింది.

ఈ ఏడాది ఎండలు మొదలయ్యే ముందు రెండో ఇంటి అబ్బాయి వచ్చాడు. కొత్తగా పెళ్ళయినవాడు, భార్యాభర్తలిద్దరూ మగ్గం పని చేస్తారు.

"అక్కా, మేం గూడ మోటారు కొననీకి చూస్తున్నం. రెండొందలు దాటుతదా? జర చూసి చెప్పు."

కాగితం మీద లెక్క వేశాను. ఫ్రిజ్ దగ్గరికి వచ్చాక చెయ్యి ఆగింది. తర్వాత అది రోజంతా ఒక్క క్షణం ఆగకుండా నడుస్తున్నట్టు వేశాను. మోటారు కలపకముందే మొత్తం సరిగ్గా రెండు వందల అంచుకు వచ్చింది.

"ఎండకాలం ఫ్రిజ్‌కు ఆగుడు ఉండదు. ఇప్పటికే అంచుకున్నరు. మోటారు పెడితే దాటుతది," అన్నాను.

అతను కాగితం వైపు చూడనైనా లేదు. "నువ్వన్నవంటే ఇంకేముంది. వద్దులే," అని వెళ్ళిపోయాడు. పెద్దమ్మకు ఆ ఒక్క ఇల్లు మిగిలింది. ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది. ఇప్పుడు తలుచుకుంటే అదే సిగ్గుగా ఉంటుంది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఆ ఇంటికి వెళ్ళాను. అతను మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. చెమట చీర మీద పడకుండా మెడకు తువ్వాలు చుట్టుకున్నాడు. భార్య పక్కన కూర్చుని అట్టముక్కతో విసురుతోంది. ఆమె చేతుల నిండా చెమటకాయలు. తల మీద ఫ్యాన్ కదలడం లేదు.

"కరెంటు లేదా?" అన్నాను.

"ఉంది. నువ్వే గద అంచుకున్నమని చెప్పినవ్. పగలు ఫ్యాన్ బంద్ పెట్టినం," అన్నాడతను. "ఈయనకు నీ మాటంటే మాటనే," అంది ఆమె విసురుతూనే.

పక్కనే ఉన్న బిల్లు తీసి నా చేతిలో పెట్టాడు. "చూడు, సున్నా వచ్చింది. ఫ్యాన్ బంద్ చేసిన గుణమే."

బిల్లు మీద యూనిట్లు నూట ఇరవై. ఫ్యాన్‌కూ మోటారుకూ కలిపి వేసుకున్నా ఇంకా బోలెడు మిగులుతాయి.

"ఫ్యాన్ వేసుకోండి. దాని లెక్క నేను తప్పు చేసిన," అన్నాను.

ఆమె లేచి స్విచ్ వేసింది. నూలు పోగులు సన్నగా కదిలాయి. అతను తువ్వాలు తీసి కాసేపు కళ్ళు మూసుకున్నాడు. ఆమె మాత్రం నా వైపే చూస్తోంది.

"మరి మోటారు గూడ నడుస్తదేమో కదక్కా?"

అప్పుడే పెద్దమ్మ కండెల గంపతో లోపలికి వచ్చింది. గంప దించి, ఫ్యాన్ కింద చతికిలబడి, కొంగుతో మెడ తుడుచుకుంది. "అబ్బ, పానం లేచొచ్చింది," అంది.

"మోటారు సంగతి వేరు. అది వద్దు," అన్నాను.

బిల్లును యూనిట్ల అంకె లోపలికి పోయేలా మడిచి అతనికి ఇచ్చేశాను.