జపాన్ క్యాసెట్‌కు చిక్కడపల్లి బొట్టు

తొంభైల్లో ఒక ఉద్యోగ పరీక్ష రాయడానికి విశాఖ నుంచి వచ్చి, అశోక్‌నగర్‌లో స్నేహితుడి గదిలో దిగాను. సంచిలో పుస్తకాలకన్నా భద్రంగా, తువ్వాల్లో చుట్టి తెచ్చుకున్నది ఒక వీడియో గేమ్ క్యాసెట్. ఓడలో పనిచేసే మా మావయ్య జపాన్ నుంచి తెచ్చాడు. అక్కడ తప్ప ఇంకెక్కడా విడుదల కాని ఆట. దానికి సరిపడే మిషన్ మా ఊళ్ళో లేదు. అందుకని ఒక్కసారి కూడా ఆడకుండానే, దాన్ని నలుగురికీ చూపిస్తూ నిపుణుడిగా చలామణీ అయిపోయాను.

చిక్కడపల్లిలో ఒక వీడియో గేమ్ దుకాణంలో ఆ మిషన్ ఉందని తెలిసి, పరీక్ష ముందురోజు చదువు మానేసి వెళ్ళాను. దుకాణం నడిపే అక్క క్యాసెట్ అందుకుని, మిషన్‌లో పెట్టకుండా గోడకున్న దేవుడి పటం దగ్గరికి తీసుకెళ్ళింది. కుంకుమలో వేలు ముంచింది.

"వద్దక్కా, మరకైపోతుంది," అన్నాను ఏడుపు గొంతుతో.

"బొట్టును మరక అంటరా తమ్మీ? మా దుకాణంల కొత్త క్యాసెట్ ఏదొచ్చినా బొట్టు పెట్టినంకనే నడిపిస్త," అంటూ దాని మీది బొమ్మలో వీరుడి నుదుటనే పెట్టింది.

తెర నిండా జపాన్ అక్షరాలు. చదవడం వచ్చినట్టే తలూపుతూ ఏదో మీట నొక్కాను. నా వీరుడు నాలుగడుగులు వేసి మొదటి గోతిలోనే పడి చచ్చాడు. మళ్ళీ లేచాడు, మళ్ళీ అదే గోతిలో పడ్డాడు.

"మీ బొట్టు పనిచెయ్యలేదక్కా," అన్నాను ఉక్రోషంగా.

"బొట్టు క్యాసెట్‌కు పెట్టిన తమ్మీ. నీకు పెట్టలే."

మర్నాడు పరీక్షకు నుదుట బొట్టు పెట్టుకునే వెళ్ళాను.