గాజు పెట్టెలో నోనీ

నోనీ గిల్‌ఫాయిల్‌కి నవ్వొచ్చిందంటే ఆగదు. అది ఆమె తప్పు కాదు. కొంతమందికి తుమ్ము మొదలైతే వరసగా ఏడు తుమ్ములు వస్తాయి చూడండి, ఈమెకి నవ్వు అలాంటిది. ముందు ముక్కు అదురుతుంది, తర్వాత భుజాలు, ఆ తర్వాత కూర్చున్న కుర్చీ. ఒకసారి మేనత్త అంత్యక్రియల్లో ఫాదర్ గారి బట్టతల మీద ఈగ వాలిందని నవ్వొచ్చి, ముఖం రుమాల్లో దాచుకుని ఊగిపోయింది. "పాపం, పిల్లకి అత్తంటే ఎంత ప్రాణమో!" అని లోవెల్ ఊళ్లో సగం మంది కళ్లొత్తుకున్నారు.

ఇలాంటి పిల్ల పుట్టింది ఎవరింట్లో అనుకున్నారు? నవ్వించి బతికే వాళ్లింట్లో!

వాళ్ల నాన్న మలాకీ బట్టల మిల్లులో మగ్గాలు బాగుచేసేవాడు. అమ్మ డీలియా అదే మిల్లులో నూలు చుట్టేది. చర్చి పండగల్లో ఇద్దరూ సరదాగా వేసే చిన్న నాటకం చూసి ఎవరో వాడవిల్ హాలు మేనేజరు రమ్మన్నాడు. ఒక్క టికెట్టు మీద కుక్కల ఆటలు, గారడీ, పాటలు, డాన్సులు అన్నీ వరసపెట్టి చూపించే హాళ్లు అవి. గిల్‌ఫాయిల్ కుటుంబానికి మొదట దొరికిన చోటు కుక్కల వెనకే. కుక్కలు చేసిన పని తుడిచీ తుడవక ముందే వీళ్లు బల్ల, కుర్చీలు వేసుకునేవాళ్లు. పదిహేనేళ్లు ఊరూరూ తిరిగి, రైళ్లలో నిద్రపోయి, ఎట్టకేలకు ఆఖరి ఆటకి ముందుండే పెద్ద స్థానానికి ఎక్కారు. అంటే ఇక జనం లేచిపోరు అన్న నమ్మకం ఉన్నవాళ్లకి మాత్రమే ఇచ్చే చోటన్నమాట!

వాళ్ల ఆట పేరు 'ఆదివారం భోజనం'. కథ ఇంతే. నాన్న, అమ్మ, ఎంత ఎదిగినా పొట్టి లాగులోనే నోనీ చిన్న తమ్ముడు లియో. బల్ల మీద మూడు ఉడికిన బంగాళాదుంపలు. ఒక్కొక్కరికి ఒకటి. తినబోయే సరికి చెప్పా పెట్టకుండా ఫాదర్ గారు వచ్చి కూర్చుంటారు. ఆ ఫాదరు పెద్ద తమ్ముడు ఆంబ్రోస్. "నాకు ఆకలి లేదు, మీరు తినండి", "అయ్యో, నాకూ లేదు" అంటూ దుంపలు పళ్లేల్లోంచి పళ్లేల్లోకి తిరిగి తిరిగి, చివరికి మూడూ ఫాదర్ గారి పళ్లెంలోనే ఆగుతాయి. ఆయన వాటిని దేవుణ్ణి తలుచుకుంటూ నెమ్మదిగా తింటుంటే, ఆ ఫోర్కు ఎక్కడికి పోతే లియో కళ్లు అక్కడికి పోతాయి. మాటలు తక్కువ, చూపులు ఎక్కువ.

మొదట్లో ఆ దుంపల గిన్నె పట్టుకొచ్చే కూతురి వేషం నోనీదే. నాలుగేళ్లు చేసింది, నాలుగేళ్లూ నవ్వింది. స్క్రాంటన్ ఊళ్లో ఒకరోజు నవ్వీ నవ్వీ గిన్నె జారవిడిస్తే ఒక దుంప దొర్లుకుంటూ పోయి డోలు వాయించేవాడి ఒళ్లో పడింది. మేనేజరు గారు ముఖం గంటు పెట్టుకున్నారు.

"ఒసే నోనీ, జనం నవ్వాలే, మనం కాదు!" అన్నాడు మలాకీ.

"నేనేం చెయ్యను నాన్నా? ఆంబ్రోస్ ముఖం చూస్తే నాకు..."

"నువ్వు చూడకే!"

"చూడకపోతే గుర్తొస్తుంది నాన్నా, అది ఇంకా ఘోరం."

పదిహేడో ఏట ఆమెని వేదిక మీంచి దింపేశారు. నోనీ ఏడవలేదు, అలగలేదు. వేదిక పక్క తెర చాటున స్టూలు వేసుకుని, కొంగు నోట్లో కుక్కుకోవడానికి కొంగు లేదు గనక ఏప్రన్ అంచు కుక్కుకుని, ఇంకో పదిహేడేళ్లు అదే ఆట చూసింది. రోజుకి రెండుసార్లు. ప్రతిసారీ నవ్వింది. బట్టలు ఉతికేది, రైలు టికెట్లు కొనేది. సోమవారం పొద్దున అందరికంటే ముందు హాలుకి పోయి, తమ ఆటకి వాయించే పాటల కట్ట వేదిక అంచున మొదట పెట్టేది. కట్ట మొదట ఉన్నవాళ్లకే రిహార్సల్లో బ్యాండు వాళ్లు మొదట వాయిస్తారు మరి! పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, "నలుగురు పిల్లలు ఉన్నారుగా నాకు" అనేది. ఆ నలుగురూ ఎవరంటే అమ్మ, నాన్న, ఇద్దరు తమ్ముళ్లూ.

ఇంతలో మాట్లాడే సినిమాలు వచ్చిపడ్డాయి. అది పంతొమ్మిది వందల ఇరవై తొమ్మిది. హాలు తరవాత హాలు వేదిక మీద తెల్ల తెర కట్టేసి, బ్యాండు వాళ్లని ఇంటికి పంపేసింది. అప్పుడే లాంగ్ ఐలాండులో ఒక స్టూడియో వాళ్లు పిలిచారు. ఆట ఉన్నదున్నట్టు పదకొండు నిమిషాల సినిమాగా తీసి చూస్తారట. నచ్చితే ఆరు సినిమాలు. నచ్చకపోతే? ఆంబ్రోస్ అప్పటికే మామగారి గొట్టాల కొట్లో పనికి ఒప్పుకుని ఉన్నాడు. లియోని ఇంకొక జట్టు వాళ్లు షికాగో రమ్మంటున్నారు. అంటే ఆ రీలు నచ్చకపోతే కుటుంబం మూడు ముక్కలు. నోనీకి మాత్రం ఏ ముక్కలో చోటుంటుంది? రైల్లో నోనీ చర్చి జపమాల రెండు చుట్లు తిప్పింది.

మంగళవారం పొద్దున తీశారు. అబ్బ, ఆ నిశ్శబ్దం! గోడలకి దుప్పట్లు కొట్టారు. ఎర్రదీపం వెలగ్గానే నలభై మంది ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డారు. ఆంబ్రోస్ మొదటి దుంపని ఫోర్కుతో గుచ్చి పైకెత్తాడు. ఎక్కడైనా సరే అక్కడ హాలు గొల్లుమంటుంది. వీళ్లు ఆ గోల చల్లారేదాకా అలవాటుగా ఆగారు. గోల లేదు. ఎంతసేపు ఆగాలో తెలియక ఆగడమే మానేశారు. మాట మీద మాట పడిపోయింది. అయినా లియో చూసిన ఒక చూపుకి మూల నిలబడ్డ నోనీ కిసుక్కుమంది.

"ఎవరది? ఎవరు నవ్వింది?" శబ్దం పట్టే ఆయన చెవుల మీద డిప్పలు పీకి అరిచాడు. "మైకులో బాంబు పేలినట్టుంది! బయటికి పంపండి ఆవిడని!"

పంపేశారు. రెండోసారి ఆట ఆరు నిమిషాల్లో అయిపోయింది.

బుధవారం ఆ రీలు వేసి చూశారు. డైరెక్టరు ప్రెస్కాట్ మంచివాడే, కానీ అబద్ధం చెప్పడం రానివాడు.

"నలుగురు మనుషులు రైలుకి ఆలస్యమై అన్నం తింటున్నట్టుంది మలాకీ గారూ. శుక్రవారం ఇంకొక్కసారి తీసి చూద్దాం. ఆ తర్వాత పాటల జట్టు వాళ్లు వస్తున్నారు."

"ఇరవై ఏళ్లకి పైగా జనంతో కలిసి ఆడాం సార్," అన్నాడు మలాకీ. "జనం లేకపోతే మాకు నడక రాదు."

ఆ మధ్యాహ్నం నోనీ స్టూడియో వెనక మెట్ల మీద కూర్చుంది. పక్కనే తలుపు తెరుచుకుని కెమెరా మనిషి హాల్వర్ బయటికొచ్చాడు. నార్వే దేశస్థుడు, తాటిచెట్టంత మనిషి, నవ్వగా ఎవరూ చూడలేదట. నదిలో మునిగి లేచినట్టు తడిసిపోయి ఉన్నాడు.

"ఏంటండీ, వాన పడుతోందా లోపల?" అంది నోనీ.

"పెట్టె అమ్మా, పెట్టె," అన్నాడతను. "కెమెరా గరగర మైకుకి వినపడకూడదని, కెమెరానీ నన్నూ కలిపి పెట్టెలో పెట్టి తలుపేస్తారు. ముందు వైపు అద్దం. గాలి లేదు. లోపల నేను ప్రాణం పోయేలా అరిచినా బయట చీమకి కూడా వినపడదు."

నోనీ లేచి నిలబడింది.

"ఏమీ వినపడదా?"

"ఏమీ."

"బయటి వాళ్లకి కనపడతారా మీరు?"

"అద్దంలోంచి కనపడతాను. నన్ను చూసి ఎవరికేం లాభం?"

"మిమ్మల్ని కాదండీ!" అంటూ ఆ తాటిచెట్టు చేతులు రెండూ పట్టేసుకుంది. "అయ్యా, ఆ పెట్టెలో నాకు ఒక్క మూల ఇవ్వండి! నేను నవ్వుతుంటే మావాళ్లు చూస్తారు. నా నవ్వు అయ్యేదాకా ఆగుతారు. ఎక్కడెక్కడ ఎంతెంత నవ్వాలో నాకు పదిహేడేళ్ల అలవాటు!"

హాల్వర్ ఆమెని పైనుంచి కిందిదాకా కొలిచి చూశాడు. "కెమెరా కాళ్లు తగలకూడదు. కదిలితే బొమ్మ వణుకుతుంది."

"నేను గోడకి అతుక్కుపోతాను."

"మీరు ఊగుతారు. నిన్న చూశాను."

"నన్ను కట్టేయండి కావాలంటే!"

కట్టేశారు కూడా, నిజంగానే. శుక్రవారం పొద్దున హాల్వర్ తన బెల్టు తీసి, ఆమె నడుముని పెట్టె వెనక గోడ చెక్కకి బిగించాడు. మలాకీ అద్దం దగ్గరికొచ్చి తొంగిచూశాడు. నోరు తెరిచి ఏదో అన్నాడు, ఒక్క అక్షరం వినపడలేదు. తలుపు మూశారు. ఎర్రదీపం వెలిగింది.

ఇక చూడండి. ఆంబ్రోస్ దుంప గుచ్చి పైకెత్తాడు. నాలుగు జతల కళ్లూ అద్దం వైపు తిరిగాయి. నోనీకి నవ్వు రాలేదు!

అంత్యక్రియల్లో ఆగని నవ్వు, గిన్నెలు జారవిడిచిన నవ్వు, కావలసిన ఒక్క క్షణంలో రాలేదు. ఇది పోతే ఆంబ్రోస్ గొట్టాల కొట్టుకి, లియో షికాగోకి. నవ్వు నటిద్దామని పెదాలు సాగదీసింది. అద్దంలో తన ముఖం పంటినొప్పి ముఖంలా కనిపించింది. అవతల లియో కనుబొమలు బెదురుగా పైకి లేచాయి.

అప్పుడు చెవి పక్కన హాల్వర్, కెమెరా మీంచి కన్ను తీయకుండానే, ఎంతో దిగులుగా అడిగాడు:

"అమ్మా, మూడింట్లో ఒక్కటైనా ఆ అబ్బాయికి పెట్టరా?"

అంతే. ముక్కు అదిరింది. భుజాలు అదిరాయి. బెల్టు కిర్రుమంది. నోనీ తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి, ఏప్రన్ లేకుండా, చెయ్యి అడ్డం లేకుండా, పగలబడి నవ్వింది. పెట్టె డోలులా మోగింది. బయట చీమకి కూడా వినపడలేదు. అద్దం అవతల మాత్రం ఆమె వాళ్లకి ఒక నిండు హాలు. ఆమె నవ్వు ఎక్కుతుంటే లియో ఆగాడు, దిగుతుంటే అందుకున్నాడు. డీలియా తన పళ్లెంలో దుంపని ఇరవై ఏళ్లలో ఎన్నడూ అంత నింపాదిగా చూసుకోలేదు. మలాకీ ఆకలి లేదని ప్రమాణం చేసి, కడుపు గుర్రుమంటే కుర్చీ కింద కుక్క ఉందేమోనని వంగి చూశాడు. ఆట పదకొండు నిమిషాలకి ఇంకొంచెం ఎక్కువే పట్టింది.

తలుపు తెరిచేసరికి ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. హాల్వర్ కళ్లు తుడుచుకుంటున్నాడు.

"నవ్వారా మీరు?" అంది నోనీ ఆశగా.

"లేదు," అన్నాడతను. "నాకు ఆ అబ్బాయిని చూస్తే బాధేసింది."

ప్రెస్కాట్ వచ్చి మలాకీ చెయ్యి పట్టుకుని ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. పాటల జట్టు వాళ్లని ఇంకో గదిలోకి పంపారు.

ఆ సినిమా లోవెల్‌కి వచ్చింది ఒక శనివారం మధ్యాహ్నం ఆటకి. ఇంటిల్లిపాదీ మూడో వరసలో కూర్చున్నారు. మిల్లు షిఫ్టు దిగి తలలో దూది పీచులతోనే వచ్చారు జనం. తెర మీద ఫాదర్ గారు మూతి తుడుచుకుని, "వచ్చే ఆదివారం కూడా వస్తానమ్మా," అని వెళ్లారు. లియో తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, వచ్చే ఆదివారానికి మనం ప్రొటెస్టెంట్లం అయిపోదామా?"

ఐరిష్ కేథలిక్కుల ఊళ్లో ఆ మాట! హాలు కప్పు లేచిపోయింది. నోనీ పెట్టెలో ఎంత నవ్విందో దానికి మూడింతలు నవ్వారు. తెర మీద డీలియా పెదాలు కదిలాయి గానీ, ఆమె జవాబు ఒక్కరికీ వినపడలేదు.

"నా మాట మింగేశారే!" అని డీలియా ఉలిక్కిపడి, గోల సద్దుమణగగానే మూడో వరసలో లేచి నిలబడి, హాలంతా వినేలా చెప్పేసింది: "ముందు గిన్నెలు తోముదువు గానీ, మతం సంగతి తర్వాత!"

మళ్లీ లేచింది కప్పు. మలాకీ తలపట్టుకున్నాడు. లియో సీటు కిందికి జారిపోయాడు. "తప్పు నాదే అమ్మా, అక్కడ తక్కువ నవ్వాను," అంది నోనీ.

ఆట అయ్యాక జనం తమ్ముళ్ల చుట్టూ మూగారు. నోనీ ఒక్కతే బయటి తలుపు పక్కన నిలబడి, వచ్చేవాళ్ల చేతులు పట్టుకుంటోంది. నూలు మిల్లులో పనిచేసే మిసెస్ హెనెసీ ఆగింది.

"ఏమ్మా, మీవాళ్లందర్నీ చూశాం. నువ్వెక్కడ సినిమాలో?"

"పెట్టెలో ఉన్నానండీ."

"ఏ పెట్టె? కనపడలేదే."

"కనపడనండీ. మీరు నవ్వారు కదా, చాలా థాంక్సండీ."

"చోద్యం! డబ్బు పెట్టి టికెట్టు కొని, కడుపు నొప్పెట్టేలా నవ్వింది నేను. థాంక్స్ నువ్వు చెప్తావేంటే పిచ్చిమొహమా!"

"మీరు నవ్వకపోతే మేం ఇవాళ ఒకచోట ఉండేవాళ్లం కాదండీ," అంది నోనీ. ఆవిడ చెయ్యి వదిలి, వెనక నిలబడ్డ ముసలాయన చెయ్యి అందుకుంది.