ఈస్టరు విందుకి పొట్టు పొయ్యి

రోలుగుంటలో మా నాన్న వడ్రంగి. ఇంట్లో రంపపు పొట్టుకి కరువు లేదు, అమ్మ దాంతోనే వండేది. గ్యాసు ముట్టించడం నేను అనకాపల్లి కోడలినయ్యాకే నేర్చుకున్నాను. మా అత్తగారికి వంటింటి గోడ మీద మసి చుక్క కనబడితే ప్రాణం మీదికి వచ్చేది. నేను పుట్టింటి పొయ్యి ఊసెత్తితే చాలు, "ఆ మాటలిక్కడొద్దు" అని మొహం తిప్పేసేది. నాకు ఒళ్లు మండేది. పొట్టు మీద ఉడికిన అన్నం తిని పెరిగినందుకు తల దించుకోవాలా అని గిన్నెల మీద కోపం చూపించేదాన్ని.

రెండు వేల దశకం చివర్లో ఒక ఏడాది, మా చర్చి సంఘంలో ఈస్టరు ప్రేమవిందు బాధ్యత మొదటిసారి అత్తగారికి వచ్చింది. అంతకు ముందు ఎప్పుడూ సంఘపెద్ద భార్యగారిదే పెత్తనం. "సరే, ఈసారి మీరు చూడండి" అని ఆవిడ అప్పగించిన తీరులోనే, మీవల్ల ఏమవుతుందిలే అన్న మాట వినిపించింది. ఈస్టరుకి ముందు వచ్చే నలభై శ్రమల దినాలూ మాంసం మాని, సంఘమంతా ఎదురుచూసే భోజనం అది. అత్తగారు నిద్రలో కూడా అల్లం వెల్లుల్లి అని కలవరించేది.

సరిగ్గా శనివారం మధ్యాహ్నం, గ్యాసు సిలిండర్లు రావని కబురొచ్చింది. అది విని సంఘపెద్ద భార్య, హోటల్ నుంచి తెప్పించేద్దామనీ, వచ్చే ఏడాది నుంచి మళ్లీ తనే చూసుకుంటాననీ చెప్పి పంపింది. అత్తగారు మంచం మీద కూలబడిపోయింది. ఆవిడ కళ్లల్లో నీళ్లు చూడటం నాకదే మొదలు.

"పొట్టు పొయ్యిలు పెడదాం అత్తమ్మా" అన్నాను.

"సంఘం ముందు పొట్టు పొయ్యా! నా పరువు తీసేత్తావేటే?"

మా ఆయన అప్పుడే అచ్యుతాపురంలో డ్యూటీ దిగి కంపెనీ బస్సులో వచ్చాడు. వాళ్ల బాయిలరులో ధాన్యం ఊక కాల్చేవారు. కాళ్లు కడుక్కుంటూ మా గొడవంతా విన్నాడు.

"అమ్మా, ఇలాటిదాన్ని మా కంపెనీలో ఆల్టర్నేటివ్ ఫ్యూయల్ అంటారు. సూడ్డానికి పెద్ద పెద్దోళ్లు కార్లేసుకుని వత్తారు" అన్నాడు.

"ఏటది?"

"అందరూ వాడే డీజిలు, బొగ్గు, గ్యాసు కాకుండా వాటి బదులు కాల్చేదన్నమాట."

ప్రత్యామ్నాయ ఇంధనం అని బళ్లో నేనూ బట్టీ పట్టాను. కానీ ఏది దేనికి బదులు? మా అమ్మకి పొట్టే అసలు ఇంధనం. ఎప్పుడైనా గ్యాసంటూ వస్తే అదే బదులు. ఏ వంటింట్లో నిలబడి అంటున్నామో దాన్నిబట్టి ఆ మాటకి అర్థం మారిపోతుంది. ఇదే పైకి అనేశాను. మా ఆయన పడీపడీ నవ్వాడు. అత్తగారు మాత్రం నవ్వలేదు.

"పేరు బాగానే ఉంది. కూడు ఉడుకుతాదా?" అంది చివరికి.

ఉడుకుతుందని నేను మాటిచ్చాక, హోటలు వద్దని ఆవిడే కబురు పంపింది. సాయంత్రానికల్లా సగానికి కోసిన డ్రమ్ములూ, కలప కోసే సామిల్లు నుంచి పొట్టు బస్తాలూ చర్చి ఆవరణలో దించాం. ఈస్టరు నాడు తెల్లవారుజామున మొదటి ఆరాధన మా వాళ్లకి సమాధుల తోటలో జరుగుతుంది. సంఘమంతా అక్కడికి వెళ్లగా అత్తగారూ నేనూ మరో ఇద్దరు ఆడవాళ్లూ వంట దగ్గర ఉండిపోయాం.

డ్రమ్ము మధ్యలో రోకలి నిలబెట్టాలి. అడుగున పక్కనున్న కన్నంలోంచి ఇంకో కర్ర దూర్చి రోకలికి ఆనించాలి. చుట్టూ పొట్టు గట్టిగా కూరి రెంటినీ లాగేస్తే మంటకి దారి ఏర్పడుతుంది. మొదటి డ్రమ్ములో పొట్టు కూరి, ఎంతో ధీమాగా రోకలి లాగాను. పొట్టంతా గుంటలోకి కూలిపోయింది. ముట్టిస్తే మంట లేదు, పొగే. ఇంట్లో చిన్న డబ్బా పొయ్యికి సరిపోయే చేతిబలం, ఇంత డ్రమ్ముకి చాలలేదు. కళ్లు మండుతున్నాయో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

"తప్పుకో" అంది అత్తగారు.

ఈస్టరుకని కట్టుకున్న తెల్లచీర మోకాళ్ల దాకా ఎగ్గట్టింది. రెండో డ్రమ్ములో పొట్టు మీద నీళ్లు చిలకరించి, నా భుజం పట్టుకుని అందులోకి దిగిపోయింది. రోకలి చుట్టూ తిరుగుతూ మడమలతో తొక్కడం మొదలుపెట్టింది. "ఇంకా పొయ్యవే" అంటుంది, నేను దోసిళ్లతో పొట్టు పోస్తాను. ఆవిడ మళ్లీ తొక్కుతుంది. నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను.

సరిగ్గా అప్పుడే సంఘమంతా పాడుకుంటూ గేటులోకి వచ్చింది. పాట ఆగిపోయింది. చర్చి స్త్రీల సమాజంలో అంత పెద్దరికం ఉన్న మనిషి డ్రమ్ములో గంతులేస్తోంది మరి.

"ఇదేటమ్మా, కోడలు పెట్టిన తిప్పలా?" అంది సంఘపెద్ద భార్య.

"మాటలు తరవాత. ముందు వంట కానియ్యండి" అని, అత్తగారు దిగి రోకలిని మెల్లగా తిప్పుతూ పైకి లాగింది. గోడ కట్టినట్టు నిలబడింది పొట్టు! కన్నంలో నిప్పు పెట్టగానే మంట బుస్సున పైకి లేచింది, పొగ జాడ లేదు. నేను చిన్నపిల్లలా కేక పెట్టాను. మిగతా డ్రమ్ములూ అలాగే తొక్కి, ఎసర్లు పెట్టేశాం.

చర్చిలో రెండో ఆరాధన ముగిసేసరికి అన్నం, వేటమాంసం కూర, పప్పుచారు సిద్ధం. సన్నటి సెగ మీద మగ్గిన మాంసం ఎముక నుంచి ఊడి వస్తోంది. పాస్టరుగారు ప్రార్థన చేశారు. పంక్తులు లేచాయి, మళ్లీ కూర్చున్నాయి. సంఘపెద్ద భార్య కూర రెండోసారి అడిగి వేయించుకుంది. నా జన్మలో అంత గర్వంగా ఎవరికీ వడ్డించలేదు.

"బాగుందమ్మా. ఈ పొయ్యి కోడలు నేర్పిందా?" అని అడిగింది ఆవిడ అత్తగారిని.

పంక్తంతా వింటోంది. అత్తగారు గరిట పట్టుకుని నిలబడే జవాబు చెప్పింది.

"నాకెప్పుడో వచ్చమ్మా. మా ఇంటాయన సామిల్లులో కూలి సేసినన్నాళ్లూ ఇదే తొక్కేను, ఇదే వండేను. గ్యాసొచ్చేక సిగ్గుపడి ఎవరికీ సెప్పలేదు. మా కోడలికి ఆ సిగ్గు లేదు. అందుకే ఇయ్యాల మీరందరూ తిన్నారు."