బస్సు ముందర చెక్క మెట్టు

మా పెద్దబాపు పోయాడన్న కబురు నాకు కరీంనగర్‌లో, నేను పాఠాలు చెప్పే కాన్వెంటు వరండాలో తెలిసింది. సుల్తానాబాద్ చేరేసరికి ఆయన హోటల్ పొయ్యి చల్లారి ఉంది. ఆ పొయ్యిని పగటిపూట అలా చూడడం నాకు అదే మొదలు.

ఆయన మా బాపుకు, అంటే నాన్నకు, అన్న. బస్సులు ఆగే చోట చాయ్ హోటల్ నడిపేవాడు. మాట తక్కువ. నాదీ అదే తీరు కనుక, సెలవుల్లో వెనకబల్ల మీద కూర్చుని చదువుకునేదాన్ని. చాయ్ పెట్టి, "బుక్కు మీద పోసుకోకు" అనేవాడు. ఆ పూటకు మా మాటలు అయిపోయేవి.

బస్సు మెట్టు మోకాలికి పైనే ఉండేది. చీర కుచ్చిళ్ళు ఒక చేత, మూట ఒక చేత పట్టుకున్న మనిషికి కడ్డీ పట్టుకోవడానికి చెయ్యి మిగలదు. ఒకసారి జాతర నుంచి వస్తూ పెద్దమ్మ అలాగే దిగబోయి పడింది. తుంటి విరిగింది. పెద్దబాపు అప్పటికే దిగి ముందు నడుస్తున్నాడు. మా వైపు మగవాళ్ళు నలుగురి ఎదుట భార్యకు చెయ్యివ్వరు. జనం కేకలు వేశాకే వెనక్కి చూశాడట.

పెద్దమ్మ కుంటుతూ నడిచింది గాని మళ్ళీ బస్సెక్కలేదు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురిని, అంటే మా అక్కను, నిర్మల్‌కు ఇచ్చారు. అంత దూరం బస్సు తప్ప దారి లేదు. బిడ్డ కాపురం ఎట్లా ఉందో పెద్దమ్మ చూడనేలేదు.

పెద్దబాపు వడ్రంగి ఆయనతో ఒక చెక్క మెట్టు చేయించాడు. బస్సు రాగానే పొయ్యి వదిలి వెళ్ళి దాన్ని బస్సు తలుపు కింద వేసేవాడు. పరాయి ఆడవాళ్ళకు చెయ్యివ్వడం బాగుండదని ఒక కర్ర చాచేవాడు. దాని కొస పట్టుకుని వాళ్ళు ఎక్కేవారు, దిగేవారు.

"ఏంది సేటూ, ఇది బస్సా, పెండ్లి పల్లకీనా?" అనేవాడు కండక్టర్.

"జర ఆగు. ఎక్కేటోడు ఎట్లనన్న ఎక్కుతడు. దిగేటోని కాలు నేలకు ఆనినంక విజిల్ కొట్టు."

ఒక దసరాకు, పనిముట్లన్నిటితో పాటు ఆ మెట్టునూ కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టాడు. ఆ వేళ ఒక్క ఆడమనిషీ దాని మీద కాలు పెట్టలేదు. ఒక ముసలమ్మ దానికి మొక్కి, పక్క నుంచి ఎక్కబోయి జారింది. "పసుపు బొట్టు వెట్టినదాన్ని ఎవలన్న తొక్కుతర్రా? కండ్లు పోవా?" అని లేచి ఆయన్నే తిట్టింది. పెద్దబాపు భుజం మీది రుమాలుతో బొట్లన్నీ తుడిచాడు.

ఇంట్లో పెద్దమ్మ కడుపుబ్బ నవ్వింది. "ఏందయ్యా, మెట్టును దేవుణ్ణి జేసినవ్. ఇగ ఎవలు తొక్కుతరు?"

"నువ్వు తొక్కు. బిడ్డ దగ్గరికి పోదాం."

ఆమె నవ్వు ఆగిపోయింది. "నాతోని గాదు" అంది. ఆయన పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎన్నడూ అడగలేదు. మెట్టు వేయడం మాత్రం మానలేదు.

కర్మ అయ్యాక, భర్త పోయిన మనిషిని అయినవాళ్ళ ఇంటికి నిద్రకు తీసుకుపోవడం మా వైపు ఆనవాయితీ. పెద్దమ్మకు పుట్టింట్లో ఎవరూ మిగలలేదు. అక్క తన ఇంటికే రమ్మంది. పెద్దమ్మ కాదనలేదు.

బస్సు వచ్చింది. మెట్టు నేనే వేశాను. కర్ర చాచితే పెద్దమ్మ దాన్ని పక్కకు నెట్టి నా చెయ్యి పట్టుకుంది. మెట్టు మీద కాలు పెట్టింది. ఎక్కింది. ఆమె కూర్చునేదాకా కండక్టర్ విజిల్ ఊదలేదు.

అక్క చంటిదాన్ని ఎత్తుకుని పక్కన కూర్చోబోయింది. పెద్దమ్మ ఆ సీటు మీద అరచెయ్యి పెట్టింది.

"ఆగు బిడ్డా. మీ బాపు ఇంకా ఎక్కలే."

అక్క చంటిదాన్ని భుజాన వేసుకుని, పై కడ్డీ పట్టుకుంది. బస్సు కదిలింది. రోడ్డు మలుపు దాకా కింద మెట్టు దగ్గరే ఆగిన నాకు వెనక అద్దంలోంచి అక్క వీపు కనిపిస్తూనే ఉంది. నిలబడే ఉంది.