పొయ్యి వైపు పారిన నీళ్లు

తెల్ల హెల్మెట్ పెట్టుకున్న మనిషికి తెలియనిదంటూ ఉండదని నేను మనస్ఫూర్తిగా నమ్మిన కాలం ఒకటుంది. సివిల్ ఇంజనీరింగ్ పాసై అప్పుడే ఉద్యోగంలో చేరిన రోజులవి. ఇప్పుడు కరీంనగర్‌లో నా కింద నలుగురు ఇంజనీర్లు పనిచేస్తున్నారు. ‘మేడమ్ ఉన్నదున్నట్టు చెప్తది’ అని వాళ్లు నా గురించి కొత్తవాళ్లకు చెబుతుంటారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఎందుకో తెలియాలంటే ఖానాపూర్ దగ్గర నేను కట్టించిన ఒక వంటగది సంగతి చెప్పాలి.

మా బాపు జమ్మికుంట పత్తి మార్కెట్లో కాంటా దగ్గర పనిచేసేవాడు. పత్తి తూయించుకోవడానికి వచ్చిన రైతులకు తూకం కంటే ముందు నా సంగతి చెప్పేవాడట. “మా బిడ్డ బిల్డింగులు కడ్తది” అని. (అప్పటికి నేను కోళ్లగూడు కూడా కట్టలేదు.) ఒక కాంట్రాక్టర్ సారు ఖానాపూర్ దగ్గర ఆడపిల్లల హాస్టల్ కడుతుంటే అక్కడ నాకు ఉద్యోగం దొరికింది. సైటు మొత్తానికి నేనొక్కదాన్నే ఇంజనీర్‌ని. ఇచ్చిన హెల్మెట్‌ను సైటులోనే కాదు, ఊళ్లోకి కూరగాయలకు వెళ్లినప్పుడు కూడా తీసేదాన్ని కాదు.

ఆ సైటులో పని నడిపించే పెద్దాయనను అందరూ పైపు మేస్త్రి అనేవారు. మా తాత వయసు. ఎప్పుడు చూసినా భుజం మీద సన్నటి తెల్ల ప్లాస్టిక్ పైపు చుట్ట ఉండేది. అందులో నీళ్లు నింపి ఒక కొస ఈ గోడకూ, ఇంకో కొస ఆ గోడకూ పట్టి, నీళ్లు ఎక్కడ ఆగాయో చూసి ఎత్తుపల్లాలు చెప్పేవాడు. చదువు రాదు. నా దగ్గర మాత్రం మూడు కాళ్ల స్టాండు మీద నిలబెట్టి, అద్దంలోంచి చూసే లెవెల్ మిషన్ ఉంది. మొదటి రోజే మేస్త్రి దాని చుట్టూ ఒకసారి తిరిగి, “అమ్మా, జర నన్ను గుడ చూడనియ్యరాదూ” అన్నాడు. “ఇది ఆడుకునే వస్తువు కాదు మేస్త్రీ” అన్నాను. ఆయన నవ్వి పక్కకు జరిగాడు. పక్కనున్న కూలీలు నవ్వలేదు. నేను అది కూడా నా మీద గౌరవమే అనుకున్నాను.

ఇక వంటగది. పొయ్యిలు, వాటి వెనక బియ్యం పెట్టే గది పడమటి వైపు. మురికి నీళ్లు పోయే కాలువ తూర్పు వైపు. నేల కడిగితే నీళ్లు తూర్పుకు పోవాలి కాబట్టి అటువైపు రెండంగుళాలు దించాలి. మిషన్‌లోంచి చూస్తూ, దూరంగా నిలబెట్టిన పొడుగాటి కొలబద్ద మీద అంకె చదవడమే నా పని. అందులో తిరకాసు ఒక్కటే, అంకె పెరిగితే నేల దిగినట్టు, తగ్గితే నేల లేచినట్టు. ఇది నాకు తెలియక కాదు, పరీక్షలో ఈ ప్రశ్నకు పూర్తి మార్కులు తెచ్చుకున్నదాన్నే. కానీ ఆ రోజు ఎండ, హెల్మెట్ కింద కారే చెమట, నా తొందర అన్నీ కలిసి, నేల తగ్గాలి కాబట్టి అంకె కూడా తగ్గాలనుకున్నాను. నేల ఎంత ఎత్తుకు రావాలో చూపే చిన్న సిమెంటు దిమ్మెలను ఆ లెక్క ప్రకారమే పెట్టించాను.

మేస్త్రి పైపు పట్టి చూసి నా దగ్గరికి వచ్చాడు.

“అమ్మా, తూర్పు దిక్కు ఎత్తున్నది. నీళ్లు పొయ్యి దిక్కు వస్తయి.”

“మీ పైపులో గాలి బుడగ ఉన్నట్టుంది మేస్త్రీ.”

“బుడగ లేదమ్మా. రెండుసార్లు చూసిన. ఇంకోసారి నీ మిషన్ల చూడరాదూ.”

“మిషన్ తప్పు చెప్పదు. కాంక్రీటు పోయించండి” అన్నాను. (మిషన్ నిజంగానే తప్పు చెప్పలేదు.) ఆయన పైపులో నీళ్లు పారబోసి, “సరే మరి, నువ్వు సదువుకున్నదానివి” అని వెళ్లిపోయాడు.

పని పూర్తయ్యాక ఇంజనీరింగ్ శాఖలో పెద్ద ఇంజనీరైన డీఈ సారు చూడటానికి వచ్చారు. మా కాంట్రాక్టర్ సారు ఇస్త్రీ చొక్కాలో ఆయన వెనకే తిరుగుతున్నారు. హాస్టల్‌లో వంట చేయడానికి కుదిరిన అక్క అప్పటికే బియ్యం బస్తాలు తెచ్చి లోపలి గదిలో పెట్టుకుంది. డీఈ సారు తూర్పు వైపు నిలబడి “ఒక బకెట్ నీళ్లు పొయ్యిండ్రి” అన్నారు. వంట అక్క బకెట్ ఎత్తి ఆయన చూపించినచోట గుమ్మరించింది. నీళ్లు పక్కనే ఉన్న కాలువ మొహం కూడా చూడకుండా వెనక్కు తిరిగి, డీఈ సారు బూట్లు తడిపి, పొయ్యిల కింద దూరి, బియ్యం గది గడప దాటాయి. వంట అక్క తాపీగా, “నీళ్లకు గుడ ఆకలైనట్టున్నది సారు, పొయ్యి దిక్కే పోతున్నయి” అంది.

డీఈ సారు తడిసిన బూట్లు చూసుకుని, “గీ లెవెల్ ఎవరు చూసిండ్రు?” అని అడిగారు.

నాకు కళ్ల ముందు బాపు కనిపించాడు, ఆయన కాంటా చుట్టూ నిలబడ్డ రైతులు కనిపించారు. ఉద్యోగం పోయి ఇంటికి వెళితే ఆయన వాళ్లకు ఏం చెబుతాడు అనుకున్నాను. ఆ లోపలే నా నోరు, “మేస్త్రి పైపుతో చూసిండు సార్” అనేసింది.

మేస్త్రి గుమ్మం దగ్గరే ఉన్నాడు. నా వైపు ఒకసారి చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. తలకు చుట్టుకున్న తువ్వాల తీసి చేతిలో పట్టుకుని, “నాదే తప్పు సారు. ఈ నడుమ కండ్లు మంచిగ అవుపిస్తలేవు” అన్నాడు. “రేపటి సంది రాకు” అన్నారు కాంట్రాక్టర్ సారు. ఆయన పైపు చుట్టుకుని వెళ్లిపోతుంటే నేను కాలువలోకి తొంగిచూస్తూ నిలబడ్డాను, అందులో చూడటానికి ఏమీ లేకపోయినా.

నాలుగు రోజులు అన్నం సహించలేదు. ఐదో రోజు ఆటో ఎక్కి ఆయన ఊరికి పోయాను. మేస్త్రి వాకిట్లో కూర్చుని, బొంత కుడుతున్న వాళ్ల ఇంటావిడకు సూదిలో దారం ఎక్కించి ఇస్తున్నాడు. ఒక్కసారికే ఎక్కింది.

“మేస్త్రీ, తప్పు నాది” అన్నాను.

“నాకెర్కే బిడ్డా. నీకు గుడ ఎర్క. ఇంక ఎవలికి ఎర్క గావాలె?”

“సార్లకు చెప్త.”

“ఒద్దు. నీది కొత్త కొలువు. నాకేం ఫికర్, ఇంకో పని దొరుకుతది” అన్నాడు. కానీ నన్ను సాగనంపడానికి బయటికి వచ్చిన ఆయన ఇంటావిడ వేరే మాట చెప్పింది. ఇల్లు కట్టించుకుందామని మాట్లాడిపోయినాయన, మేస్త్రికి కళ్లు పోయాయని విని ఇంకొకరిని పెట్టుకున్నాడట.

నేరుగా కాంట్రాక్టర్ సారు దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన అంతా విని, నాకు చాయ్ తెప్పించి, “నీది మంచి మనసమ్మా. గా ముసలాయన మీద జాలితోని తప్పు నీ నెత్తిన ఏసుకుంటున్నవు. గిట్లయితే ఈ పనిల బతుకవు” అన్నారు.

“జాలి కాదు సార్, నిజం.”

“అగో, మళ్ల గదే మాట.”

మర్నాటికి సైటంతా ఈ సంగతి పాకింది. నెత్తిన ఇసుక మోసే ఆడవాళ్లు నన్ను చూసి “మా ఇంజనీరమ్మ బంగారం” అనుకోసాగారు. నేను కాదన్నకొద్దీ నా మంచితనం పెరిగిపోతోంది. అబద్ధం చెప్పినప్పుడు ఒక్కమాటతో నమ్మిన మనుషులు, నిజం చెబితే నమ్మడం లేదు. తిట్టించుకోవడానికి కూడా సాక్ష్యం కావాలని అప్పుడే తెలిసింది.

సాక్ష్యం నా సంచిలోనే ఉంది. ఆ రోజు చదివిన అంకెలన్నీ రాసిన లెవెల్ పుస్తకం, కింద ఎర్ర గీత కొట్టి పెట్టిన నా సంతకం. (ఆ పేజీ చింపేద్దామని ఒకసారి అనుకున్నాను. పేజీలకు నంబర్లున్నాయి కాబట్టి చింపలేదు. ఇంత చెప్పాక అది దాచడమెందుకు.) దాన్ని పట్టుకుని నిర్మల్‌లో డీఈ సారు ఆఫీసుకు వెళ్లాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

“అంకె తగ్గితే నేల ఎత్తా, దిగువా?”

“ఎత్తు సార్.”

“మరి తూర్పుకు అంకె ఎట్ల తగ్గిచ్చినవు?”

ఆయన వేలు ఎర్ర గీత దగ్గరికి జరిగింది.

“గీ సంతకం ఎవరిది?”

“నాదే సార్.”

ఆ తర్వాత ఆయన కొలబద్దతో మొదలుపెట్టి నా చదువు దాకా, చదువుతో మొదలుపెట్టి నా బుద్ధి దాకా తిట్టారు. చివర్న గొంతు తగ్గించి, “పెద్దమనిషిని అందరి ముంగట నిలబెట్టినవు గదమ్మా” అన్నారు. తిట్లన్నీ హాయిగానే ఉన్నాయి గానీ, ఆ ఒక్క మాటకు కళ్లనీళ్లు ఆగలేదు.

మేస్త్రిని మళ్లీ పనికి పిలిపించి, నేల పగలగొట్టి కొత్తగా పోశారు. “నిన్ను తీసేద్దునే, గని నువ్వుంటెనే వస్తనన్నడు ఆయన” అన్నారు కాంట్రాక్టర్ సారు. పైపు రెండో కొస నేనే పట్టుకున్నాను. ఈసారి నీళ్లు కాలువలోకే పోయాయి. హాస్టల్ పూర్తయ్యేదాకా మేస్త్రి ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఈ మధ్య ఆయన మనవరాలి పెళ్లికి వెళ్లాను. మేస్త్రికి ఎనభై దాటాయి, అయినా వచ్చినవాళ్లను దూరం నుంచే పోల్చుకుని పేరుపెట్టి పిలుస్తున్నాడు. భోజనాల బంతిలో నన్ను పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. దుబాయి నుంచి వచ్చిన ఆయన పెద్ద మనవరాలి భర్త ఎదురు బంతిలో ఉన్న చుట్టాలకు నన్ను చూపించి, “తాతకు కండ్లు కనవడకున్నా పని పోనియ్యలేదట, గీ మేడమే” అన్నాడు.

“కాదు బాబూ. ఆయన కండ్లు అప్పుడూ మంచిగనే ఉన్నయి. తప్పు నేను చేసి ఆయన మీద ఏసిన” అన్నాను.

చుట్టాలు మొహాలు చూసుకున్నారు. వాళ్లలో ఒక పెద్దావిడ, “చూసిండ్రా, ఇప్పటికి గుడ ఆయన మీద మాట పడనిస్తలేదు” అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నేను మళ్లీ నోరు తెరవబోయాను.

“తిను బిడ్డా, బగారన్నం సల్లారుతది. నువ్వు ఎంత చెప్పినా గీ ముచ్చట తెగది” అన్నాడు మేస్త్రి, తన విస్తరిలోని అన్నం మీంచి తల ఎత్తకుండానే. పెదవుల చివర చిన్న నవ్వు ఉంది. ఇన్నేళ్ల తర్వాత నాకూ నవ్వొచ్చింది. ఆ వెనకే ఎప్పటిలాగే సిగ్గూ వచ్చింది. రెండింటినీ ముద్దలో కలిపి మింగేసి, తలవంచుకుని తిన్నాను.