మా బావగారి ఇడ్లీలు, నా మెడలో దండ

మొన్న పేపర్లో జిల్లా పేజీ చూశారా? చూసే ఉంటారు. బంతిపూల దండేసుకుని, నోరంతా తెరిచి ఇడ్లీ తింటున్న ముసలాయన ఫోటో ఒకటి పడింది కదా! ఆ నోరు నాదే. ఆ ఇడ్లీ మాత్రం మా వియ్యంకుడిది. ఆ రెండూ ఒకే ఫోటోలోకి ఎలా వచ్చాయో చెబుతాను, టీ చల్లారనివ్వకండి.

నేను ముప్ఫయ్యేళ్ళు లెక్కల మేష్టారుగా చేసినవాణ్ణి. సైకిలంటే నాకు ప్రాణం. వయసులో ఉన్నప్పుడు ఏలూరులో కాఫీ పొయ్యి మీద పెట్టమని చెప్పి, తాడేపల్లిగూడెం వెళ్ళి, మార్కెట్ యార్డులో బస్తాడు ఉల్లిపాయలు కట్టుకుని, కాఫీ పొంగేలోపు వెనక్కి వచ్చేవాణ్ణి. పక్కన పట్టాల మీద ప్యాసింజరు బండి డ్రైవరు నాకు నమస్కారం పెట్టేవాడు.

"ఏవండీ, ఆ బస్తా పోయినసారి అరబస్తానే కదా?" అంది మా ఆవిడ కామేశ్వరి వంటింట్లోంచి.

ఆవిడ మాటలు మీరు పట్టించుకోకండి.

సంగతేమిటంటే, ఏలూరు నుంచి పెదపాడు మీదుగా కొల్లేటి పక్కనుంచి ఆకివీడు దాకా పెద్ద సైకిల్ యాత్ర పెట్టారు. పోటీ కాదు, అందరూ సరదాగా తొక్కేదే. దారిలో ఊళ్ళవాళ్ళు కూడా పాలు పంచుకోవాలని శిరీష అనే అమ్మాయి ఊరూరా తిరుగుతూ మా ఊరి స్కూల్లో మీటింగ్ పెట్టింది. నేను ముందు వరసలో కూర్చున్నాను. కూర్చోకపోతే ఎవరు కూర్చుంటారు!

"మేష్టారండీ, మీ ఊరు వాటర్ పాయింటండీ. మంచినీళ్ళు, అరటిపళ్ళు, కాసిని చప్పట్లు. అంతే చాలండి" అంది.

"మరి టిఫినో?"

"టిఫిన్ హాల్టు పై ఊళ్ళోనండి. విశ్వనాథం గారని రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారు. ఆయన ముందే ఫోన్ చేసి అడిగారండి."

నా గుండెలో ఎండుమిరపకాయ పడ్డట్టయింది. విశ్వనాథం ఎవరనుకున్నారు? నా సొంత వియ్యంకుడు! మా అమ్మాయి పద్మను ఆయనింటికే ఇచ్చాం. మహా మంచివాడు, అదే ఆయనతో వచ్చిన చిక్కు. నేను రెండు బుట్టల మామిడిపళ్ళు పంపితే నాలుగు బుట్టలు వెనక్కొస్తాయి. నేను శాలువా కప్పితే పట్టుశాలువా కప్పుతాడు. పోనీ ఒక్కసారైనా నన్ను చూసి కుళ్ళుకుంటాడా అంటే, "మా బావగారంటే బావగారే!" అని మురిసిపోతాడు. ఆయనకి నా మీద అసూయ లేకపోవడమే నా అసూయకి మూలం.

సైకిలెక్కడం ఎలాగో తెలియని మనిషికి టిఫిన్ హాల్టా! నాకు నీళ్ళ బిందా!

ఆ రాత్రి లెక్క వేశాను. కడుపు ఒకటే. టిఫిన్లు రెండు. మా ఊరు ముందు, ఆయన ఊరు వెనక. మా ఊళ్ళోనే కడుపు నిండితే అక్కడ ఇడ్లీ ఎక్కడ పడుతుంది? జవాబు సున్న.

ఆదివారం తెల్లారేసరికి స్కూలు ఆవరణలో అరిటాకులు పరిపించాను. పెసరట్టు ఉప్మా, అల్లప్పచ్చడి, గారెలు, పులిహోర, నెయ్యి కారుతున్న బొబ్బట్లు, చివర్లో పెరుగన్నం. శిరీష ఇచ్చిన వాలంటీరు పసుపు టీషర్టు పంచె మీద తొడుక్కుని, రెండు చేతులూ చాపి రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాను.

మూడు వందలమంది వచ్చారండీ! సరే, ఆవిడ వింటోంది కాబట్టి, నూట ఇరవై.

ముందొచ్చినాయన హెల్మెట్టు, నల్లకళ్ళద్దాలు, ఒంటికతుక్కుపోయిన నిక్కరు. "సర్, ఓన్లీ వాటర్" అన్నాడు.

"నీళ్ళు తాగి వెళితే మా ఊరికి అప్రదిష్ట బాబూ. ఒక్క గారె."

"సర్, నేను ఆయిల్ ఫుడ్ తినను."

"నూనె గారెలోనే ఉంది, మీరు పైపైన తినండి."

ఒక్క గారె నోట్లో పెట్టాడు. అంతే! కళ్ళద్దాలు తీసేశాడు. కాసేపటికి బాసింపట్టు వేసుకున్నాడు. ఆయన్ని చూసి వెనకవాళ్ళు, వాళ్ళని చూసి ఆ వెనకవాళ్ళు. మా ఊరి ఆడవాళ్ళు బొబ్బట్లు వడ్డిస్తూంటే "చాలండీ" అన్నవాడికి రెండు, "వద్దండీ" అన్నవాడికి మూడు. గోదారి జిల్లాల్లో వద్దు అనే మాటని ఎవరైనా నమ్ముతారా?

తొమ్మిదయ్యేసరికి ఏమయిందనుకున్నారు? స్కూలు వరండా నిండా సైకిలిస్టులు! హెల్మెట్లు తలకింద పెట్టుకుని హాయిగా గురకలు. శిరీష పరుగెత్తుకొచ్చి, "మేష్టారండీ, వీళ్ళు ఆకివీడు వెళ్ళాలండీ!" అని లబోదిబోమంది.

"వెళతారమ్మా. అరగనీ."

నాకు మనసంతా ఒకే ఆశ. ఇడ్లీల గుట్ట ముందు ఈగలు తోలుకుంటూ కూర్చున్న విశ్వనాథం మొహం ఒక్కసారి కళ్ళారా చూడాలి! అయితే యాత్ర పూర్తయ్యేదాకా ఆ రోడ్డు మీద బళ్ళు తిరగనివ్వట్లేదు. ఉన్నది ఒక్కటే దారి. అటకమీంచి నా పాత సైకిలు దింపించాను.

"ఏవండీ, పన్నెండేళ్ళయింది దాన్నెక్కి. పైగా పొద్దుణ్ణుంచి మీరు పచ్చి మంచినీళ్ళైనా ముట్టలేదు" అంది కామేశ్వరి.

నిజమే. వడ్డించే హడావుడిలో నేను తినడం మరిచిపోయాను.

ఐదు కిలోమీటర్లు. బాణంలా దూసుకుపోయాను! ఎదురుగాలి కాబట్టి బాణం కొంచెం నెమ్మదిగా వెళ్ళింది. చేపల చెరువు గట్టు మీద గడ్డిమోపు నెత్తిన పెట్టుకున్న ఒకావిడ నన్ను దాటిపోతూ, "దిగి నడవండి తాతగారూ, తొందరగా వెళతారు" అంది. నీళ్ళల్లో గూడబాతులు మెడలు తిప్పి తిప్పి చూశాయి. మోకాళ్ళు కిర్రుమంటున్నాయా, పెడళ్ళు కిర్రుమంటున్నాయా తెలియలేదు.

పై ఊరి మలుపు తిరిగానో లేదో, "వచ్చాడొచ్చాడు! మొదటాయన వచ్చాడు!" అని కేకలు. దూరం నుంచి పసుపు చొక్కా చూసి సైకిలిస్టుననుకున్నారు! బ్యాండు మేళం మోగింది. ఎవరో హారతిచ్చారు. ఎవరో మెడలో దండ వేశారు. పేపరాయన కెమెరా ఎత్తాడు. రెండు చేతులూ పట్టుకుని నన్ను సైకిలు మీంచి దింపింది ఎవరు? విశ్వనాథం!

"బావగారూ! మీరా! ఈ వయసులో, ఈ ఎండలో, మా హాల్టు కోసం తొక్కుకుంటూ వచ్చారా!" ఆయన కళ్ళు చెమర్చాయి. మొహంలో కుళ్ళు కోసం వెతికాను. ఆవగింజంత లేదు.

నన్ను కూర్చోబెట్టి ముందు ఆకు వేశారు. ఇడ్లీలు పట్టుకొచ్చింది మా పద్మ. జుట్టంతా ఆవిరి తడి, వేళ్ళ నిండా పిండి.

"మిగతావాళ్ళేరి నాన్నగారూ?"

"వస్తారమ్మా... దారిలో కాస్త..."

దాని కళ్ళు నా టీషర్టు మీద ఆగాయి. అక్కడ బొబ్బట్టు నెయ్యి మరక. లెక్కల మేష్టారి కూతురు కదండీ, ఇట్టే లెక్క కట్టేసింది.

గొంతు తగ్గించి, "నాలుగు వందల ఇడ్లీలు నాన్నగారూ. పప్పు నానబోసింది నేను, రుబ్బించింది నేను, చట్నీ తిరగమోత వేసింది నేను. మామయ్యగారు పేరుకే. ఈ టిఫిన్ అడగమని ఆయనతో ఫోన్ చేయించింది కూడా నేనే" అంది.

వియ్యంకుడి కడుపు కొట్టాననుకుని కన్నకూతురి కష్టం కొట్టాను. ఇంక చేయగలిగింది ఒక్కటే. తినడం మొదలుపెట్టాను. దూదిలాంటి ఇడ్లీలు! "ఇంకొక్కటి బావగారూ" అని విశ్వనాథం, "నాన్నగారు వద్దనరు లెండి మామయ్యగారూ, వెయ్యండి" అని పద్మ, నవ్వు ఆపుకుంటూ. ఆ కోపంలో అది వేసిన అల్లం చట్నీకి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మొత్తం నాలుగంటే నాలుగే తిన్నాను. ఫోటో అప్పుడే పడింది.

తరవాతేం జరిగిందంటారా? నిద్రలేచిన సైకిలిస్టులు పదకొండింటికి పొట్టలు పట్టుకుని వచ్చి, ఇడ్లీల వంక చూసి దండం పెట్టి వెళ్ళిపోయారు. శిరీష ఆ ఇడ్లీలన్నీ వ్యానులో ఆకివీడు పంపించింది. కొల్లేటి ఎండలో అంతదూరం తొక్కాక అందరికీ మళ్ళీ నకనకలాడే ఆకలి! ఎగబడి తిన్నారట. స్టేజీ మీదికి పిలిచి విశ్వనాథానికి చప్పట్లు కొట్టారట. ఆయన మైకు పట్టుకుని, "చేసింది మా కోడలు, ముందు రుచి చూసి ధైర్యం చెప్పింది మా బావగారు" అన్నాడట! చూశారా, అక్కడా నాకే పెద్దపీట వేశాడు దుర్మార్గుడు.

ఆ ఫోటోకి ఫ్రేము కట్టించి పద్మ పంపింది. మా ఆవిడ దాన్ని సరిగ్గా నేను భోంచేసే చోటికి ఎదురుగా మేకు కొట్టి తగిలించింది. నిన్న కూతురితో ఫోన్ మాట్లాడి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏవండీ, జన్మలో ఏ లెక్కా పెంచకుండా చెప్పని మనిషి, ఇదొక్కటి తగ్గించి చెప్పారేం? నాలుగు కాదట. పద్నాలుగట!"